లేని గుర్రాన్ని నిమిరేవాళ్ళలో నేనూ ఒకణ్ణి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వీడియో గేముల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి కోపం ఎందుకొచ్చిందో తెలుసుకుందామని. పిల్లల్లో ఓపిక చచ్చిపోతోందని, ఏదైనా బటన్ నొక్కగానే అయిపోవాలని చూస్తున్నారని వ్యాసకర్త బాధ. దానికి ఉదాహరణగా, తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక కుర్రాడు తెర మీద లేని గుర్రాన్ని గంటసేపు నిమురుతూ కూర్చున్నాడని, పిలిస్తే పలకలేదని, అది చూసి తన మనసు పాడైందని రాశారు. అయ్యా, ఆ లేని గుర్రాన్ని నిమిరేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాకు 63 ఏళ్ళు. ఓపికే లేనివాడు గంటసేపు గుర్రాన్ని ఎలా నిమిరాడో ఆయనకు తట్టలేదు, నేను మాత్రం ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను, ఈ ఉత్తరం అక్కణ్ణించే పుట్టింది. పెద్దదైపోయింది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి, గుర్రాన్ని మాత్రం ఉంచండి.

నాది తెనాలి. ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గేములు ఆడే అలవాటు ఎప్పుడూ లేదు, పేకాట కూడా పెళ్ళిళ్ళలోనే. హైదరాబాదులో ఉండే మా అమ్మాయి వేసవి సెలవులకొచ్చి వెళ్ళేటప్పుడు పిల్లాడి స్విచ్, అంటే చేత్తో పట్టుకుని గేములు ఆడుకునే తెర ఉన్న పరికరం, నా చేతిలో పెట్టి, "నాన్నా, వీడి టెన్త్ పరీక్షలు అయ్యేదాకా ఇది నీ బీరువాలో ఉండాలి, కాళ్ళు పట్టుకున్నా ఇవ్వొద్దు" అని చెప్పిపోయింది. బీరువాలో పెట్టాను. పది రోజులు ఉంది. పదకొండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, టీవీ లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, ఇంట్లో వెలుగుతున్న తెర అదొక్కటే. ఆ తర్వాత అది మళ్ళీ బీరువా మొహం చూడలేదు. ఈ సంగతి మనవడికి తెలుసు, వాళ్ళమ్మకు తెలియదు. అందుకే కింద నా పేరు వేయొద్దని మనవి, మా అమ్మాయి మీ పేపరే చదువుతుంది.

ఆట పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. జపాన్ కంపెనీ నింటెండో 2017 మార్చిలో విడుదల చేసింది, ఒక్క స్విచ్ మీదే 3 కోట్లకు పైగా అమ్ముడైంది. లింక్ అనే కుర్రాడు నూరేళ్ళు నిద్రపోయి లేస్తాడు, లేచేసరికి హైరూల్ అనే రాజ్యం పాడుపడి ఉంటుంది, కోటలో ఒక పీడ తిష్ఠ వేసుకుని ఉంటుంది, దాన్ని వదిలించాలి. ఎప్పుడు వెళ్ళాలి, ఏ దారిన వెళ్ళాలి, ఎవరూ పట్టుబట్టరు. కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, ఏరు అడ్డమొస్తే ఈదొచ్చు, చెట్టు కనిపిస్తే కాయ కోసుకోవచ్చు. ఓపెన్ వరల్డ్ అంటే ఇదేనట. కథ సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ కోట అలాగే ఉంది, ఆ పీడా అలాగే ఉంది, లోపలున్న రాకుమార్తె నూరేళ్ళు ఆగింది కదా, ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. ఎందుకంటే ఆడటం మొదలుపెట్టిన నాలుగో రోజున, రెండుగా చీలిన కొండ ఒకటి దాటాక, నాకో బయల్లో గుర్రాల మంద కనిపించింది.

మొదట నేనూ అందరిలాగే పరుగెత్తుకుంటూ పోయాను. ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే అవి చెవులు నిక్కించి, తలెత్తి చూసి, ఒక్క దౌడు తీశాయి. మళ్ళీ పోయాను, మళ్ళీ దౌడు. ఆరేడుసార్లు ఇదే తంతు. ఇక లాభం లేదని మనవడికి ఫోన్ చేశాను. "తాతయ్యా, ఎడమ స్టిక్‌ని, ఆ బొటనవేలితో తిప్పే బుడిపెని, లోపలికి నొక్కితే వంగి నడుస్తాడు. నీ చప్పుడు ఎంతుందో తెర మీద ఓ మూల గీతలా కనిపిస్తుంది, అది సన్నగా ఉండాలి. స్టిక్ కొంచెమే తొయ్యి, కొంచెమే" అన్నాడు గుసగుసగా, పక్క గదిలో వాళ్ళమ్మ ఉందట.

గడ్డిలో వంగాను. బొటనవేలితో స్టిక్‌ని వెంట్రుకవాసి తోస్తే లింక్ ఒక్కో అడుగు వేస్తున్నాడు. గుర్రం తల దించి మేస్తుంటే నాలుగడుగులు, తలెత్తితే ఆగడం, మళ్ళీ దించితే మూడడుగులు. ఊపిరి బిగబట్టి కూర్చున్నానని, మా ఆవిడ వచ్చి "ఏమైందండీ, గుండెల్లో నొప్పా?" అని అడిగేదాకా నాకే తెలియదు. పక్కకు చేరాను, ఎక్కమని తెర మీద అక్షరాలొచ్చాయి, 'A' అని రాసి ఉన్న బటన్ నొక్కాను, ఎక్కాడు. ఇక చూడండి. ముందుకాళ్ళు లేపుతుంది, వెనక్కాళ్ళు ఎగరేస్తుంది, గిరగిరా తిరుగుతుంది. లింక్ సత్తువంతా ఒక ఆకుపచ్చ చక్రంలా పక్కన కనిపిస్తూ కరిగిపోతుంటుంది, అది పూర్తిగా కరిగేలోపు ఎల్ బటన్‌ని టపటపా నొక్కుతూ దాని మెడ నిమరాలి. కంగారులో నేను పక్క బటనేదో నొక్కాను. కిందపడ్డాను. అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మూడో ప్రయత్నంలో కుదిరింది. అంతవరకూ దయ్యం పట్టినట్టు ఎగిరిన గుర్రం ఒక్కసారిగా నిలబడి తల విదిలించింది. ఆ విదిలింపు నాకు తెలుసు. యాభై ఏళ్ళ పైమాటే దాన్ని చూసి. అది మా రాణి విదిలింపు.

మా తాత తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. రాణి ఆయన గుర్రం, ఎర్రటిది, నుదుటి మీద తెల్లటి చుక్క. ఆటోలు ఇంకా రాలేదు, రైలు దిగినవాళ్ళు జట్కానో రిక్షానో మాట్లాడుకోవాల్సిందే. సాయంత్రం ఇంటికొచ్చి బండి విప్పగానే తాత గడ్డిని చుట్టలా చేసి రాణి ఒళ్ళంతా రుద్దేవాడు, ఉడికించిన ఉలవలు పెట్టేవాడు, అది తిన్నాకే తను కంచం ముందు కూర్చునేవాడు. మా నాయనమ్మకు ఇది ఒళ్ళుమంట, నాతో కాపురం చేస్తున్నావా దాంతోనా అనేది. తాత నన్ను ఎత్తుకుని రాణి మెడ మొదట్లో, జూలు వచ్చి వీపులో కలిసే చోట నిమరమనేవాడు. అక్కడే ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడేనని, అక్కడ నిమిరితే గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారని ఎప్పుడో పెద్దయ్యాక చదివాను. తెర మీద లింక్ చెయ్యి కూడా గుర్రం మెడ మీదికే వెళ్తుంది. మీ వ్యాసకర్త చూసి బాధపడిన నిమరడం ఇలాంటిదే అయ్యుండాలి.

నిమరడం అంటే ఊరికే బటన్ నొక్కడమని ఆయన అనుకున్నట్టుంది. కాదండీ. ఎక్కినంత మాత్రాన గుర్రం మాట వినదు. కుడికి తిప్పితే ఎడమకు లాగుతుంది, తనకు తోచిన దారి పడుతుంది. మళ్ళీ మన దారికి తెచ్చుకోవాలి, మనం చెప్పిన వైపు తిరిగిందా, ఆ క్షణంలో నిమరాలి. అప్పుడు అనుబంధం కాస్త పెరుగుతుంది. ఆ లెక్క లాయంలో నూటికి ఇంత అని చూపిస్తారు. మొండికేసినప్పుడు ఎంత నిమిరినా ఉపయోగం లేదు, మాట విన్నప్పుడు నిమరకపోతే అదీ నష్టమే. గుర్రం దొరికిన మొదటి రోజు నేను దాన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు, ఒకే బాట మీద పైకీ కిందికీ తిప్పుతూ ఉన్నాను. పైట్యాంకు నిండి వీధి గుమ్మం దాకా నీళ్ళు పారాయి, మోటారు ఆపలేదని మా ఆవిడ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను. కాబట్టి పిలిస్తే పలకడం లేదన్న మాటలో నిజం లేదనను.

లాయాలు బాగుంటాయి. డేరా మీద పెద్ద చెక్క గుర్రం తలకాయ, రెండు మైళ్ళ దూరం నుంచీ కనిపిస్తుంది. గుర్రం మీదే ఉండి కిటికీలో ఉన్నాయనతో మాట్లాడితే 20 రూపీలు తీసుకుని మన పేరున రాసుకుంటాడు, జీను, కళ్ళెం తనే వేస్తాడు. రూపీ అంటే మన రూపాయి కాదు, ఆ రాజ్యంలో రంగురాళ్ళను అలా పిలుస్తారు, మొదటిసారి విన్నప్పుడు మాత్రం సొంతూరి మనిషి కనిపించినట్టయింది. పేరు పెట్టమన్నాడు. ఇంగ్లిషు అక్షరాల్లో రాణి అని కొట్టాను. రంగు కలవలేదు లెండి, ఇది తెలుపు మీద మచ్చలది. ఈ ఆటలో మచ్చల గుర్రాలు సాధువులు, ఒంటిరంగువి పొగరుబోతులు, బలమూ వేగమూ మాత్రం వాటివే ఎక్కువ. మొత్తం ఐదు గుర్రాల్ని పెట్టుకోవచ్చు. దక్షిణాన ఒక గడ్డిమైదానంలో ఏనుగంత గుర్రం ఒకటుంది, దాన్ని ఎక్కాలంటే లింక్ మామూలు సత్తువ చాలదు, సత్తువ పెంచే కషాయాలు కాచుకుని దగ్గర పెట్టుకోవాలి. రెండు రోజులు ఆ ప్రయత్నంలో పోయాయి. తీరా పట్టాక తెలిసింది, అది దౌడు తీయదు, ఎంత అదిలించినా అదే నడక. మా ఊళ్ళో కొందరు పెద్దమనుషులు గుర్తొచ్చారు.

ఇక్కడొక తప్పు చెప్పాలి, పొగడటానికే ఉత్తరం రాశానని అనుకోవద్దు. అడవి గుర్రాన్ని పట్టాలంటే దాని కంటపడకుండా వెనక నుంచి వెళ్ళమని ఈ ఆట ఆడేవాళ్ళంతా చెబుతారు. మా తాత ఉంటే చెవి మెలేసేవాడు. దొర ముందూ గుర్రం వెనకా నిలబడకూడదని మాకు ఉగ్గుపాలతో పోశాడాయన. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, సరిగ్గా వెనక ఉన్నది దానికి కనిపించదు, కనిపించనిది ఏదైనా తగిలితే మొదట తంతుంది, తర్వాత చూస్తుంది. భుజం వైపు నుంచి, మాట్లాడుకుంటూ, చెవులు గమనిస్తూ వెళ్ళాలి. చెవులు ముందుకుంటే ఫరవాలేదు. వెనక్కి అతుక్కుపోతే మనం అక్కడ ఉండకూడదు. ఆటలో కూడా వెనక నిలబడితే తంతుంది, నేను తిన్నాను, ఆ మాత్రం నిజం ఉంచినందుకు సంతోషం. కాని ఇది ఆడిన పిల్లలు రేపు ఏ బీచ్‌లోనో పెళ్ళి ఊరేగింపులోనో నిజం గుర్రం కనిపిస్తే వెనక నుంచి పిల్లిలా వెళ్ళకూడదు, తల్లిదండ్రులు చెప్పాలి. మీ వ్యాసంలో పనికొచ్చే హెచ్చరిక ఏదైనా ఉండాల్సింది అంటే ఇదీ.

మాలిమి అంటే అసలు పది సెకన్ల పనీ కాదు. కొత్త గుర్రాన్ని బండికి అలవాటు చేయడానికి తాతకు నెలలు పట్టేదట. మొదట ఉత్త తాడు, తర్వాత వీపు మీద గోనె, తర్వాత జీను, బండి చప్పుడు దూరంగా వినిపించడం, దగ్గరగా వినిపించడం. ఆటలో ఇదంతా ఒక పచ్చ చక్రంలో ఇమిడ్చేశారు. ఇమిడ్చినా కొన్ని సంగతులు పట్టుకున్నారు, అదే నాకు ఆశ్చర్యం. ఒకటి చెబుతాను. ఈ ఆట ఇంకా తయారవుతుండగా, 2014 డిసెంబరులో, దాని నిర్మాత అవొనుమా ఒక కార్యక్రమంలో ఆడి చూపిస్తూ, నిజం గుర్రాలు వెళ్ళి చెట్లను గుద్దుకోవు కదా, మా గుర్రమూ గుద్దుకోదు అన్నారు. నిజంగానే గుద్దుకోదు. అడవిలో వదిలేస్తే చెట్ల మధ్య తనే తప్పుకుంటూ పోతుంది. బాట మీద పెట్టి స్టిక్ వదిలేసినా వంపులు తిరుగుతూ పోతుంది. ఇది చూసి చాలాసేపు కంట్రోలర్ ముట్టుకోకుండా కూర్చున్నాను. రాత్రి ఆఖరి పాసింజరు బేరం దింపాక తాత పగ్గాలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేవాడు. వంతెన, మార్కెట్టు, మా వీధి మలుపు, అన్నీ రాణివే. ఇంటి ముందుకొచ్చి నిలబడి తల విదిలిస్తే మెడలో గంటలు మోగేవి, నాయనమ్మ లేచి తలుపు తీసేది, తాత అప్పుడు కళ్ళు తెరిచేవాడు. చెబితే మా మనవడు నవ్వి, "అంటే ఆటో పైలట్ అన్నమాట" అన్నాడు. అలాగే అనుకోరా అన్నాను.

ఆటలో లింక్ మంత్రం వేసినట్టు ఒకచోట మాయమై ఇంకోచోట తేలగలడు. గుర్రం మాత్రం ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. ఈలవేస్తే దగ్గర్లో ఉంటేనే వస్తుంది. కొండ ఎక్కదు, ఎడారి ఇసుకలోకి రాదు. అందువల్ల, కొండెక్కే తొందరలో దాన్ని కింద వదిలేసి, ఇంకో దిక్కున దిగి, సాయంత్రం వానలో తడుస్తూ నిలబడి ఈల మీద ఈల వేస్తే ఎవరూ రాకపోవడం అనే అనుభవం ఒకటుంది. లాయంలో అడిగితే ఎక్కడ వదిలినా తెచ్చి నిలబెడతారనుకోండి, ఎలా తెస్తారో అడక్కూడదు. నేను మాత్రం రెండుసార్లు నడిచే వెనక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని మీ వ్యాసకర్త అడిగితే నా దగ్గర జవాబు లేదు. వానలో వదిలేసి వచ్చాను కదా అని, అంతే.

ఒకసారి చచ్చిపోయింది కూడా. సాలెపురుగు కాళ్ళున్న యంత్రం ఒకటి మైదానంలో తిరుగుతుంటుంది, ఎర్రటి గీత మన మీద పెట్టి గురిచూసి కొడుతుంది. నాకు పారిపోవడం వచ్చు కాని దాన్ని తప్పించడం రాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నవ్వుతారేమో. మనవడు ధైర్యం చెప్పాడు, దక్షిణాన అడవిలో అశ్వదేవుడి కొలను ఉంది, పేరు మలాన్యా, మొదట 1,000 రూపీలు సమర్పిస్తే లేచి వస్తాడు, చచ్చిన గుర్రాల్ని బతికిస్తాడు అని. 1,000 రూపీలంటే నాకు వారం కష్టం. చచ్చిన గుర్రానికి ఇంత పోయాలా అని గొణుక్కుంటూనే కూడబెట్టాను. గొణుక్కోవడం ఎందుకంటే చచ్చిన గుర్రానికి డబ్బివ్వడం మన చరిత్రలోనే ఉంది. విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ 1535 ప్రాంతంలో రాసి పెట్టాడు. సాళువ నరసింహరాయలు సముద్రం మీద వచ్చే గుర్రాల్ని బతికున్నా చచ్చినా కొనేవాడట, దారిలో ఓడలో చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే సొమ్ము ఇచ్చేవాడట. అంతమంది వర్తకులు అన్ని తోకలు నిజంగా ఓడలోంచే తెచ్చారా అన్న అనుమానం నాకెప్పుడూ ఉంది. సరే, నా రాణి లేచింది. అనుబంధం లెక్క ఎక్కడుందో అక్కడే ఉంది, పోలేదు.

ఈ బతికించే ఏర్పాటు మంచిదా అంటే చెప్పలేను. మా అన్నయ్య కొడుకు ఇంకో గేమ్ ఆడతాడు, 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2', 2018లో వచ్చింది, 1899 నాటి అమెరికా. సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూశాను. అక్కడ అడవి గుర్రానికి ఉచ్చుతాడు విసిరి, అది గింజుకుంటుంటే సముదాయిస్తూ ఒక్కో అడుగూ దగ్గరికి వెళ్ళి, ఎక్కాక అది ఎటు ఎగిరితే దానికి ఎదురు వైపు స్టిక్ లాగి నిలదొక్కుకోవాలి. దానికి ఆకలి వేస్తుంది, మేత పెట్టాలి. బురద అంటుకుంటుంది, బ్రష్‌తో తోమాలి. పేడ కూడా వేస్తుంది, చూసి ముచ్చటేసింది. దెబ్బ తిని పడ్డాక సమయానికి మందు ఇవ్వకపోతే అది చచ్చిందంటే చచ్చిందే, ఏ దేవుడూ రాడు. ఆ కుర్రాడు ఒక గుర్రం పోయాక నెల రోజులు ఆట ముట్టలేదట. ఆ గేమ్‌లో తుపాకులూ రక్తమూ చాలా ఉన్నాయి, పెద్దవాళ్ళకే అని పెట్టె మీదే రాసి ఉంటుంది, టెన్త్ పిల్లాడికి నేను ఇవ్వను. కాని గుర్రం విషయంలో మా తాతకు నచ్చేది అదే. నేనాడే ఆటలో గుర్రానికి ఖర్చు లేదు. యాపిల్ పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత చెప్పుకున్న మనకు ఇది వింతగా లేదూ? రాణి ఉలవల అప్పు తీర్చలేకే ఆఖర్న తాత దాన్ని అమ్ముకున్నాడు. ఎవరికి అమ్మాడో మాకు చెప్పలేదు.

నలుడి కథ తెలిసే ఉంటుంది. బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథం తోలుతూ, దారిలో తనకు తెలిసిన అశ్వహృదయం ఆయనకు చెబుతానని మాటిచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. గుర్రం మనసు తెలిసే విద్యకు పాచికల మర్మం మారకం. ఆ బేరం అడవిలో ఒక చెట్టు కింద నిమిషాల్లో తేలిపోయింది. పాచికల వల్ల రాజ్యం పోగొట్టుకున్నవాడు కూడా పాచికలు నేర్చుకోనని అనలేదు, సరిగ్గా నేర్చుకుంటానన్నాడు. ఇది ఊరికే గుర్తొచ్చి రాశాను.

అసలు నా ఫిర్యాదు ఇది. ఆ వ్యాసం రాసినాయన ఏ గేమ్ గురించి రాస్తున్నారో దాని పేరు ఎక్కడా లేదు. గుర్రం ఉందన్నారు, అది ఈ గుర్రమో ఆ గుర్రమో తెలియదు. అన్నీ ఒకటే గాటన కట్టేశారు. మా పక్కింటి కుర్రాడు ఫోన్‌లో ఏదో రంగురంగుల ఆట ఆడి, మూసి ఉన్న పెట్టెలు తెరిస్తే ఏదో వస్తుందని తల్లి ఖాతాలోంచి నాలుగు వేలు ఊడ్చేశాడు. పెట్టెలో ఏముందో ముందు చెప్పరు, డబ్బు మాత్రం ముందే. దాని మీద రాయండి, పేజీ అంతా రాయండి, నేను పది మందికి చదివి వినిపిస్తాను. ఒకసారి కొనుక్కుని, బీరువాలో పెట్టినా తాత తీసినా మళ్ళీ పైసా అడగని ఆటనూ దీన్నీ కలిపి 'వీడియో గేములు' అని తిట్టిపారేస్తే, ఇంట్లో పిల్లలు మన మాట వినరు. తాతకు ఏమీ తెలియదని వాళ్ళకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

ప్రతి శుక్రవారం సినిమాకు సమీక్ష వేస్తారు, పాటలు ఎలా ఉన్నాయి, రెండో సగం ఎలా ఉంది, రేటింగ్ ఎంత, అన్నీ. రెండున్నర గంటల సినిమాకు అంత చోటిచ్చి, పిల్లలు నెలల తరబడి బతికే ఆటకు నెలకు ఒక్క కాలమ్ ఇవ్వకూడదా? ఆడినవాళ్ళ చేతే రాయించండి. ఏ వయసుకు తగింది, ఎంత ఖర్చు, మధ్యలో డబ్బు అడుగుతుందా, ఎన్ని గంటలు తింటుంది, ఇవి చెబితే మా అమ్మాయిలాంటివాళ్ళు బీరువా తాళం దాకా రావక్కర్లేదు. మీ దగ్గర కుర్ర సబ్ఎడిటర్లలో ఆడేవాళ్ళు ఉండే ఉంటారు, అడిగి చూడండి, పైవాళ్ళు ఏమనుకుంటారో అని చెప్పడం లేదు అంతే.

మార్చిలో పరీక్షలు అయిపోతాయి, స్విచ్ వెళ్ళిపోతుంది. మనవడు నా పేరున వేరే ఖాతా పెట్టించాడు కాబట్టి నా గుర్రాలు అందులో భద్రంగా ఉంటాయట. 2023లో వచ్చిన రెండో భాగం 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' కొంటే పాత గుర్రాలు ఆ లాయంలోకి కూడా వచ్చేస్తాయని ఆశ పెడుతున్నాడు. వాడికి కావాల్సింది నా చేత కొనిపించడమని నాకు తెలుసు. చూద్దాం.

నిన్న రాత్రి రాణి అనుబంధం నూటికి నూరు చేరింది. ఇప్పుడు జూలు వేరే రకంగా చేయించుకోవచ్చు, జీను మార్చుకోవచ్చు అన్నాడు లాయంవాడు. వద్దన్నాను. మా రాణి జూలు ఎప్పుడూ చెదిరే ఉండేది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి